మందు కాదు, ఉత్త బలమే

భోపాల్,
జూన్

మామూకు అనమ్ సలాం.

క్షేమంగా చేరాను. జ్వరం రైల్లోనే దిగిపోయింది. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటి అంటారేమో. శిబిరంలో మా ఫోన్లు ఆదివారం తప్ప చేతికివ్వరు. ఇచ్చినా మీకు ఫోన్లో సగం వినపడదు, మిగతా సగం అమ్మీ లాక్కుని ‘తిన్నావా’ అని అడగడానికే సరిపోతుంది. ఏళ్ల తరబడి పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన మాస్టారికి కాగితం మీద రాస్తేనే మర్యాద కూడాను.

ఇక్కడంతా మామూలే. తెల్లారకుండానే సరస్సులో దిగుతాం. పడవలో ఒక మోకాలి మీద నిలబడి, ఒక పక్కనే తెడ్డు వేస్తాం. ‘ఒక పక్కనే తెడ్డేస్తే పడవ గుండ్రంగా తిరగదేటి?’ అని మీరు మొన్న కూడా అడిగారు. తిరగకుండా చూడడమే మామూ ఈ ఆట. సెప్టెంబరులో ట్రయల్స్. ఆసియా పోటీలకు ఇద్దరినే తీసుకుంటారు. ప్రస్తుతం నాది రెండో స్థానం. మూడో స్థానంలో ఉన్న హర్యానా పిల్ల నన్ను చూసినప్పుడల్లా చాలా ఆప్యాయంగా నవ్వుతుంది.

ఆ రోజు పొద్దున్నే మన ఇంటికి వచ్చినవాళ్ల గురించి అమ్మీ ఇంకా కంగారు పడుతోందట. చెప్పండి ఆవిడకి. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటానో, ఏ రోజు ఏ గంటలో ఎక్కడ దొరుకుతానో డోపింగు పరీక్షల వాళ్లకు నేను ముందే తెలియజెయ్యాలి. వాళ్లు ఎప్పుడైనా వచ్చి నా మూత్రం శాంపిల్ తీసుకోవచ్చు. పెళ్లిచూపులకైనా కబురు పెట్టి వస్తారు. వీళ్లు కబురు పెట్టకుండా రావడమే రూలు.

శాంపిల్ తీసుకోవడానికి వచ్చిన రేవతి మేడమ్ ఎదురుగా నేను బాత్రూంలో అవస్థ పడుతున్నంతసేపూ ఆ రెండో సార్ హాల్లో మీతోనే కూర్చున్నాడు కదా. ఏం మాట్లాడుకున్నారు? ఊరికే అడుగుతున్నాను.

బయల్దేరేటప్పుడు మీరు నా నోట్లో కుక్కిన మాడుగుల హల్వా విజయవాడ దాకా నమిలాను.

మీ
అనమ్


చోడవరం,
జూన్ చివర

చిరంజీవి అనమ్‌కు, దీవెనలు పాతవే, విశేషాలు కొత్తవి.

మన జిల్లా పేరు మార్చారు కానీ మన రోడ్డు మార్చలేదు కనుక నీ ఉత్తరం గతుకులన్నీ లెక్కపెట్టుకుంటూ నిదానంగా చేరింది.

నువ్వు అడిగావు కనుక ఆ పొద్దుటి ముచ్చట పూర్తిగా రాస్తాను. తలుపు తీసేసరికి ఇద్దరు మనుషులు, చేతిలో పెట్టె. ఎదురింటి అచ్చియ్యమ్మ పేడనీళ్లు చల్లుతూ ఆగిపోయింది. “ఏటి మాస్టారూ, గుంటకి సంబంధమేటి?” అంది. సంబంధం కాదమ్మా, ఉచ్చ పరీక్షకొచ్చేరు అన్నాను. “అయ్యో, ఇంత సిన్న వయసులో సుగరా!” అని చీపురు పడేసింది. మధ్యాహ్నానికి వీధి మొత్తానికి నీకు సుగరని తెలిసిపోయింది. ఇద్దరు మెంతులు తెచ్చిచ్చారు. వృథా చెయ్యడం ఎందుకని మీ అమ్మ పోపులో వాడుతోంది.

ఆ రెండో ఆయన పేరు హరిబాబు. శ్రీకాకుళం వాడట. మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. హల్వా పెట్టాను, ముట్టలేదు. టీ ఇచ్చాను, తాగలేదు. లంచం అనుకున్నాడు కాబోలు. “గుంటకి ఒంట్లో బాగులేదన్నారు, మందులేటైనా వాడేరా మాస్టారూ?” అని అడిగాడు. నీ సంగతి నాకు తెలుసు కదా, ఎక్కడా మాట పొల్లు పోకూడదని జాగ్రత్తగా చెప్పాను. “మందులేవీ లేవు బాబూ. జ్వరానికో బిళ్ల, అంతే. మా దాసు డాక్టరొచ్చి ఉత్త బలం బాటిలొకటి ఎక్కించేడు. అది మందు కాదు గదా” అన్నాను. “ఎంత బాటిలు?” అన్నాడు. “పెద్దదే బాబూ. మేనగోడలాయె, సిన్నదెందుకు పెడతాం?” అన్నాను.

అతను ప్రతి మాటా రాసుకున్నాడు. ఇంత శ్రద్ధగా నా పాఠం రాసుకున్న విద్యార్థి నా సర్వీసు మొత్తంలో లేడు. నీ గురించి ఎంత గొప్పగా చెప్పానో గ్రహించి సంతోషించు.

నీ మామూ
షరీఫుద్దీన్


భోపాల్,
జూలై

మామూకు సలాం.

మీ ఉత్తరమూ, నోటీసూ ఒకే రోజు అందాయి. మీ విద్యార్థి పాఠం చక్కగా రాసుకున్నాడు. తప్పుల్లేవు, బాటిల్ సైజుతో సహా.

కూర్చుని చదవండి. అమ్మీకి ఇప్పుడే చెప్పకండి. నా శాంపిల్‌లో ఏమీ దొరకలేదు. అయినా నేను తప్పు చేసినట్టే. మా రూల్లో కూడని మందుల జాబితాతో పాటు కూడని పద్ధతుల జాబితా కూడా ఉంది. నరంలోకి పన్నెండు గంటల్లో వంద మిల్లీలీటర్లకు మించి ఏదీ ఎక్కించకూడదు, ఉత్త సెలైనైనా సరే. నిజంగా ఆసుపత్రిలో చికిత్స జరుగుతుంటే తప్ప. దొంగచాటుగా మందులు వాడేవాళ్లు ఆ ఆనవాళ్లు పలచబడడానికి ఇలాగే బాటిళ్లు ఎక్కించుకుంటారట, అందుకని. దాసు డాక్టరు నాకు ఎక్కించింది ఐదు వందలు. మేనగోడలాయె.

ఆ రోజు నాకు లీలగా గుర్తుంది. మీరు హాల్లో గోడ గడియారం తీసి, ఆ మేకుకు బాటిల్ తగిలించారు. ఏంటిది అని అడిగాను. “ఏట్లేదే, బలానికి. పడుకో” అంది అమ్మీ. లేచి చూసేసరికి బాటిల్ ఖాళీ అయింది, గడియారం నా కాళ్ల దగ్గర మంచం మీద ఉంది. నాకు అప్పుడే రూలు గుర్తొచ్చింది. కానీ ఖాళీ అయిపోయిన బాటిల్‌ని తిరిగి నింపలేను కదా. మర్నాడు రేవతి మేడమ్ మందులు అడిగితే జ్వరం బిళ్ల ఒక్కటే చెప్పాను. ఆ సమయానికి హాల్లో మీరు మిగతాది చెబుతున్నారు.

తీర్పు వచ్చేదాకా పోటీల్లో దిగొద్దన్నారు. అంటే ట్రయల్స్ లేవు. ఎక్కువలో ఎక్కువ రెండేళ్ల నిషేధం పడొచ్చు. హర్యానా పిల్ల వచ్చి నన్ను ఓదార్చింది. చాలా బాగా ఓదార్చింది.

నోటీసు నకలు ఇందులో పెడుతున్నాను. నాకు ఏడుపొస్తోంది మామూ. ఈ ఒక్క మాట వెటకారం కాదు.

అనమ్


చోడవరం,
జూలై

చిరంజీవి అనమ్‌కు, ఈసారి దీవెనలు రెట్టింపు, అవసరం పడ్డాయి కనుక.

మన ప్రాంతంలో నరంలో బాటిల్ ఎక్కని మనిషెవరో నాకు చూపించు. నాట్లు అయిపోతే బాటిల్. పరీక్షలు అయిపోతే బాటిల్. కొత్త అల్లుడు ఎండలో వస్తే బాటిల్. నీ రూలు ప్రకారం చోడవరం మొత్తాన్నీ ఆసియా పోటీలకు రానివ్వరన్నమాట. వడ్డాది, దేవరాపల్లి జట్లు కూడా ఇంటికే. మాడుగుల వాళ్లను హల్వా కేసులో పట్టుకుంటారు.

నోటీసు నకలు నిఘంటువు పక్కన పెట్టుకుని తెలుగు చేశాను. ‘తన శరీరంలోకి ప్రవేశించే ప్రతి పదార్థానికీ క్రీడాకారిణే బాధ్యురాలు’ అని తేలింది. ఎవరు రాశారో కానీ వాళ్లకు మేనమామలు ఉండి ఉండరు. నీ ఒంటికి నువ్వు బాధ్యురాలివా? ఎప్పటి నుంచి? మీ అబ్బా పోయాక ఈ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు నా మోకాలంత ఉన్నావు. నీకు తట్టు పోస్తే మంచం చుట్టూ వేపరెబ్బలు కట్టింది అచ్చియ్యమ్మ. ముక్కు కుట్టించింది నేను, నువ్వు గింజుకుంటే కాళ్లు పట్టుకున్నదీ నేనే. నువ్వెంత తినాలో మీ అమ్మ చెబుతుంది. ఎంత ఎండలో తిరగాలో వీధి చెబుతుంది. మధ్యలో నువ్వెవరివి?

సరే, నా కోపం వల్ల నీకు ఉపయోగం లేదు. ఉపయోగపడేది ఇందులో పెట్టాను. ఆసుపత్రి చికిత్సయితే తప్పు లేదని నువ్వే రాశావు కదా. దాసుకు తెలిసిన నర్సింగ్‌హోమ్ ఒకటుంది, పేరెందుకులే. నీకు జ్వరం ముదిరి ప్రాణం మీదికి వస్తే మూడు రోజులు అక్కడ చేర్చినట్టు రాసిచ్చారు. కింద ప్రవల్లిక అనే నర్సు సంతకం ఉంది. ఆ అమ్మాయి అసలు ఉందో లేదో నాకు తెలీదు కానీ దస్తూరీ ముత్యాల్లా ఉంది. పక్కన నువ్వొక సంతకం పెట్టి పంపించు, చాలు.

అదీ కాదంటే తప్పంతా మామూదే అని రాసెయ్. నన్నెక్కడి నుంచి సస్పెండ్ చేస్తారు? పడక్కుర్చీ నుంచా?

నీ మామూ


భోపాల్,
ఆగస్టు

మామూకు.

మీ కాగితం వెనక్కి పంపుతున్నాను. అందులో నా పేరు తప్పుగా రాశారు. ఎర్ర సిరాతో దిద్దాను.

బాటిల్‌కి రెండేళ్లు పడితే దొంగ కాగితానికి నాలుగేళ్లు. అంటే మీరు ప్రేమకొద్దీ నాకు ఇంకో పెద్ద బాటిల్ ఎక్కించబోయారు. ఈసారి నేను మెలకువగానే ఉన్నాను కనుక చూసుకున్నాను. అబద్ధమాడను, ఒక పూటంతా ఆ కాగితం నా దిండు కింద ఉంది. పెన్ను మూత కూడా తీశాను. సంతకం పెడితే సెప్టెంబరు ట్రయల్స్ నావి. పెట్టి దొరక్కపోయినా ఆ పడవ ఎక్కినప్పుడల్లా ప్రవల్లిక నా వెనక కూర్చున్నట్టు ఉంటుంది. ఒక్కరే పట్టే పడవ మామూ అది.

మీరు వెక్కిరించిన ఆ వాక్యం నేను చాలాసార్లు చదివాను. మొదట భయమేసింది. తర్వాత కోపం వచ్చింది. ఇప్పుడు ఏమైందో చెబితే మీరు నవ్వుతారు. అది నాకు నచ్చింది. నాకు ఇరవై ఒక్కేళ్లు. నీ ఒంటికి నువ్వే బాధ్యురాలివి అని ఇంతవరకు నాతో ఎవరూ అనలేదు. అన్నవాళ్లు నా మొహం కూడా ఎరగరు, అదీ శిక్ష వెయ్యడానికి అన్నారు. అయినా ఆ మాట నాకు కావాలి.

ముక్కు కుట్టించిన రోజు నా కాళ్లు పట్టుకున్నానని రాశారు. గుర్తుంది. నేను వద్దు వద్దని అరిచిందీ గుర్తుంది. మీకు గుర్తుందా?

విచారణలో ఏం రాశానో చెబుతాను. ఇక్కడ కొత్తగా వచ్చిన పిల్లలకు నేనే పాఠం చెబుతాను, జ్వరమొచ్చినా సరే ముందు డాక్టరుకి మీరు పోటీల మనిషని చెప్పండి, ఏమిస్తున్నారో అడగండి అని. ఇంటికి వచ్చిన మొదటి రోజే ఆ మాట నేను మీతో అనాల్సింది. అనలేదు. మన ఇంట్లో అలా అంటే పొగరంటారు. అందుకని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నా తప్పు. ఖాళీ బాటిల్ సంగతి రేవతి మేడమ్‌కి చెప్పకపోవడం ఇంకో తప్పు. ఆ రెండూ రాశాను. బాటిల్ ఎవరు పెట్టారని అడిగితే పేర్లు చెబుతాను. తప్పు మాత్రం మీ మీదికి తొయ్యను. మీరు అడిగినా సరే.

అనమ్


చోడవరం,
నవంబరు

అనమ్‌కు.

నీకు ఎనిమిది నెలల నిషేధం పడిందన్న సంగతి నాకు పేపరు చెప్పింది. కన్న తల్లికీ మేనమామకీ పేపరు ద్వారా తెలియజెయ్యాలని కూడా మీ రూల్లో ఉందేమో.

పేపర్లో ‘మందు వాడిన చోడవరం క్రీడాకారిణి’ అని పెట్టారు. చోడవరంలో మందంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. సాయంత్రమైతే వరసలో నిలబడి కొనుక్కునేదే కదా. మసీదులో నా పక్కన కూర్చునేవాళ్లు ఇప్పుడు జాలిగా కాస్త జరుగుతున్నారు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని, మాన్పించే కేంద్రం అనకాపల్లిలో ఉంది మాస్టారూ, ఆడపిల్లల్ని కూడా తీసుకుంటారు అన్నాడు. మందు కాదు, బలం బాటిల్ అని నేను కనపడ్డ ప్రతివాడికీ వివరిస్తున్నాను. దేవరాపల్లి రైతొకాయన అంతా విని, “బలం మందా? యూరియా తాగేసిందేటి బాబూ గుంట!” అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇన్నాళ్లు తెలుగు చెప్పి నేను సాధించింది ఇది.

మీ అమ్మ సరిగా తినడం లేదు. నువ్వు భోపాల్ నుంచి దిగి తిన్నగా విశాఖపట్నంలో నీ స్నేహితురాలు జోయా గదికి వెళ్లిపోయావట. బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అందే దూరంలో ఉండి ఇంటికి రాని మనిషికి ఉత్తరం రాయడం నాకు ఇదే మొదలు.

ఎలాగూ ఆట ఆగింది. అనకాపల్లిలో ఒక సంబంధం ఉంది. కుర్రాడి పేరు రాహిల్, బుద్ధిమంతుడు, ఫ్యాన్సీ షాపు. నీ మందు సంగతి విని కూడా వస్తామంటున్నారు, అంత మంచివాళ్లు. వచ్చే నెల రమ్మన్నాను.

ముక్కు సంగతి అడిగావు. గుర్తుంది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

షరీఫుద్దీన్


విశాఖపట్నం,
డిసెంబరు

మామూకు సలాం.

అంత మంచివాళ్లకు నా సలాం కూడా చెప్పండి. వాళ్లను రమ్మనేముందు ఎవరినడిగారో మాత్రం రాయలేదు. నన్నయితే అడగలేదు. అడిగి ఉంటే నాకు జ్వరంగా ఉండి వినపడలేదేమో.

ఇక్కడ బూట్ల దుకాణంలో పని చేస్తున్నాను. పొద్దున్నే బీచ్‌లో పరిగెడతాను. జట్టుతో కలిసి తెడ్డు పట్టకూడదు. అయినా ఎక్కడ పడుకుంటున్నానో వాళ్లకు చెప్పాల్సిందే, వస్తే శాంపిల్ ఇవ్వాల్సిందే. పోటీకి పనికిరాను కానీ పరీక్షకు పనికొస్తాను. మొన్న రేవతి మేడమ్ వచ్చింది. మందులేవైనా వాడావా అని అడిగింది. లేదు, బాటిళ్లు కూడా లేవు, బలం కూడా ఏమంత లేదు అన్నాను. ఆవిడ నవ్వలేదు. నవ్వకూడదని రూలేమో.

ఆసియా పోటీల్లో హర్యానా పిల్ల ఏడోది వచ్చింది. నేనైతే తొమ్మిదో పదో వచ్చేదాన్ని. కానీ ఆ తొమ్మిదో స్థానం నాదై ఉండేది మామూ. దాని కోసం నేను ఇంకా ఏడుస్తున్నాను. జోయాకి తెలీకుండా ఏడుస్తున్నాననుకుంటాను, తనకి తెలుసు.

ఇంటికెందుకు రాలేదో అమ్మీకి చెప్పండి. కోపం కాదు. నాకు మన ఇంట్లో జ్వరం వస్తుందేమోనని భయం. జ్వరమంటే భయం లేదు.

అనమ్


చోడవరం,
ఫిబ్రవరి

అమ్మా అనమ్,

దీవెనలు ఊరికే ఇచ్చెయ్యాలో, అడిగి ఇవ్వాలో తెలీక ఈసారి ఖాళీ వదిలాను.

కంగారు పడకుండా చదువు, మీ అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. పోయిన వారం జ్వరం పట్టి మంచం దిగలేకపోయింది. నేను దాసుకు కబురు పెట్టాను. అతను బాటిల్ పట్టుకొచ్చాడు. నేను అలవాటు ప్రకారం గోడ గడియారం దింపాను. దాసు స్పిరిట్ దూది తీసి మీ అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

మీ అమ్మ కళ్లు తెరిచింది. చెయ్యి వెనక్కి లాక్కుంది. “నన్నడిగేవేటి దాసూ?” అంది.

“ఏటమ్మా ఇది కొత్తగా? ఉత్త బలానికే గదా” అన్నాడు దాసు.

“బలానికైనా నా నరం గదా. నన్నడగాల.”

దాసు నా వైపు చూశాడు. మాస్టారూ, మీరైనా సెప్పండి అన్నాడు. నేను గడియారం పొట్టకు ఆనించుకుని నిలబడ్డాను. నా చెల్లెలు జుబేదాని అది పుట్టిన దగ్గర్నుంచి ఎరుగుదును. వద్దు అనే మాట దాని నోట ఎప్పుడు విన్నానా అని వెతుక్కుంటున్నాను. నీ ముక్కు కుట్టించిన రోజు గుమ్మంలో నిలబడి, ‘ఒద్దు భాయ్, గుంట ఏడస్తంది’ అని ఒకసారి అంది. ఆ మాట కూడా నేను విననట్టే ఊరుకున్నాను. ఇప్పుడు జుబేదా నన్ను చూస్తోంది. అది వద్దంటే వద్దనే దాసూ, బాటిల్ తీసుకెళ్లు అన్నాను. అతను చాలా నొచ్చుకుని వెళ్లాడు. అందులో ఏముంటుందని గుమ్మం దాకా వెళ్లి అడిగాను. “బలం బాబూ” అన్నాడు. అంతకంటే అతనికీ తెలిసినట్టు లేదు.

మీ అమ్మ బిళ్ల వేసుకుని, గంజి తాగి, మూడో రోజుకు లేచి నన్ను తిట్టడం మొదలుపెట్టింది. కనుక పూర్తిగా కోలుకున్నట్టే.

అనకాపల్లి వాళ్లు వచ్చి వెళ్లారు. వద్దని కబురు పెట్టేలోపే దిగారు. టీ తాగారు. మీ పరీక్షల వాళ్లలా కాదు, హల్వా కూడా మొత్తం తిన్నారు. ఆఖర్న పెద్దాయన గొంతు తగ్గించి, “పిల్ల మందులేటో వాడేదన్నారు, నిజమేనా మాస్టారూ?” అని అడిగాడు. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. మందుకూ బలానికీ తేడా ఉంది, వంద మిల్లీలీటర్లు ఉంది, నీ గుణగణాలున్నాయి. నోటి దాకా వచ్చింది. మింగేశాను. ఆ పిల్లనే అడగండి అన్నాను. పెళ్లికి ఒప్పుకుంటుందా అన్నారు. అదీ ఆ పిల్లనే అడగాలి అన్నాను. ఇంట్లో పెద్దవాళ్లు మీరే కదా అన్నారు. అవును, పడక్కుర్చీ వరకు అన్నాను. మళ్లీ కబురు లేదు.

నీ తొమ్మిదో స్థానం నేను పోగొట్టాను. తప్పు నీదని నువ్వు రాసుకున్నావు. నాకు అది గౌరవంగా లేదు, బరువుగా ఉంది. నీతో ఎదురుగా చెప్పాలని ఉంది. ఫోన్లో నాకు వినపడదు.

గోడకున్న ఆ మేకు పీకేశాను. గడియారం ఇప్పుడు కిటికీలో పెట్టాం. నువ్వు వచ్చినప్పుడు జ్వరమొచ్చినా తగిలించడానికి ఏమీ లేదు.

నీ మామూ

మాడుగుల నుంచి హల్వా తెప్పించాను. ఇంకా పంపలేదు. తింటావా?